బుధవారం అలలు

"మీ ఆయన బుధవారం వచ్చిందంటే అబద్ధం రాస్తున్నాడక్కా," అన్నాడు చిరిగిన సర్ఫింగ్ సూటు కుట్టించుకోవడానికి వచ్చినతను.

దర్జీ మిషను ఆపింది. బోర్డు మీద అలలపై సర్ఫింగ్ చేసేవాళ్ల కోసం, ఆ తీరంలో అలలు ఎలా ఉంటాయో రోజూ ఫోన్లో సూచన రాసేది ఆమె భర్తే. "ఎదురుగాలి. అలలు చెదిరిపోతాయి. రావద్దు" అని వరసగా మూడు బుధవారాలు రాశాడట. మూడుసార్లూ సముద్రం చక్కగా ఉందట.

ఇంట్లో అడిగితే, "గాలి మారుతుంటుందిలే," అని చూపు తప్పించాడు.

నాలుగో బుధవారం ఫోన్లో మళ్లీ అదే సూచన. ఆమె కొట్టు మూసేసి తీరానికి వెళ్లింది. ఎదురుగాలి లేదు. నడుమెత్తు అలలు ఒకదాని వెనక ఒకటి తీరుగా విరుగుతున్నాయి. ఇసుక మీద రెండు తువాళ్లు పక్కపక్కనే ఉన్నాయి.

నీళ్లలో భర్త ఒక ఆడమనిషిని నడుము పట్టుకుని బోర్డు మీద పడుకోబెడుతున్నాడు. ఆవిడ పకపకా నవ్వుతోంది.

దర్జీ అరవబోయి ఆగిపోయింది. ఆ నవ్వు తన తల్లిది. రొమ్ము ఆపరేషన్ అయ్యాక, ఏడాదిగా నలుగురికీ కనిపించడమే మానేసిన తల్లిది.

భార్యను చూసి అతను తడబడ్డాడు. "జనం ఉంటే రానన్నారు అత్తయ్య. అందుకే ఎవరూ రాకుండా అలా రాశాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే, ముందు డాక్టర్ని అడుగుదాం అంటావే నువ్వు!"

సరిగ్గా ఆ మాటే కూతురి నోటి దాకా వచ్చి ఉంది. దాన్ని మింగేసి, చెప్పులు విడిచి నీళ్లలోకి నడిచింది.