మూడు పాలసీసాలు

"అక్కాతమ్ముళ్ళండీ! ముగ్గురూ ఒకే కడుపున పుట్టారు," అన్నాడు నైజెల్, తన ఇంట్లో అద్దెకున్న ముగ్గుర్నీ చూపిస్తూ.

నోరు జారితే సామాను రోడ్డు మీదుంటుందని పొద్దున్నే వాళ్ళకి గట్టిగా చెప్పిపెట్టాడు.

అద్దె ఇళ్ళ తనిఖీకి వచ్చిన కౌన్సిల్ ఇన్‌స్పెక్టరు గ్వెన్ తలూపింది. "వేర్వేరు కుటుంబాల వాళ్ళకి అద్దెకిస్తే మీకు లైసెన్సు ఉండాలండీ. అంతస్తుకో పొగ అలారం కూడా పెట్టాలి."

"మాకా గొడవే లేదు! టీ తాగి వెళ్ళండి."

పాల కోసం గ్వెనే లేచి ఫ్రిజ్ తెరిచింది. లోపల మూడు పాలసీసాలు. ఒకదాని మీద మొయిరా, ఒకదాని మీద కీత్, ఇంకోదాని మీద డగ్లస్ అని రాసి ఉంది.

"మా ఇంట్లో నలుగురం ఒకే సీసా కోసం కొట్టుకునేవాళ్ళం," అంది గ్వెన్.

నైజెల్ గబగబా అందుకున్నాడు. "చిన్నప్పట్నించీ కీచులాటేనండీ వీళ్ళకి! పేర్లు రాసుకోమని ఎవరు చెప్పారర్రా మీకు?"

కీత్ లేచి, ఫ్రిజ్ తలుపు మెల్లగా మూశాడు.

తలుపు మీద నైజెల్ చేతిరాతలో కాగితం: "ఎవరి పాలు వాళ్ళవే. పేరు లేని సీసా పారబోస్తాను. ఇట్లు, ఇంటి యజమాని."

"మంచి నిబంధన," అంది గ్వెన్, సంచీలోంచి లైసెన్సు దరఖాస్తు తీస్తూ. "మాదీ ఒకటుంది."