సబ్‌మెరైన్ ముందర చెప్పులు

పెన్నలో నీళ్లు చూసి ఏండ్లయింది. ఆ ఒడ్డునే పాత నేవీ సబ్‌మెరైన్ తెచ్చి మ్యూజియం పెట్టినారు. మునిగిపోతుందన్న భయం లేకుండా దాచుకోవడానికి మా అనంతపురం జిల్లా కంటే మంచి చోటు యాడుంటుంది?

మావాళ్లు దాన్ని గుడి అనుకున్నారేమో, చెప్పులు బయటే విడిచి లోపలికి పోతారు. వద్దని బోర్డు పెడితే ఆ బోర్డు కిందే విడుస్తారు. వాచ్‌మన్‌గా ఉన్న మా ఆయనకు అదీ మేలే. బయట చెప్పులు లేకపోతే లోపల మనుషులు లేరని తాళం వేసేస్తాడు.

ఆ రాత్రి నేను సంగటి క్యారియర్ తీసుకుపోయేసరికి మెట్ల కింద ఒక జత మిగిలింది. నీళ్లు కారుతా ఉండాయి.

"మన వీధికి ట్యాంకరొచ్చి వారమైంది. ఈయప్పకు నీళ్లు యాడ దొరికినాయి?" అన్నాను.

"ఎవడో బాటిల్ ఒలకబోసుకున్నాడులే. లోపల నిద్రపోతాంటాడు. సంగటి చల్లారకముందే లేపుకొస్తా."

అలవాటుగా తన చెప్పులూ ఆ పక్కనే విడిచి, టార్చి పట్టుకొని లోపలికి పోయినాడు. ఇనుప నేల మీద అడుగుల చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత లేదు.

"ఏమయ్యా, దొరికినాడా?"

సంగటి చల్లారింది. పెండ్లయిన ఇరవై ఏండ్లలో మొదటిసారి, "చెన్నప్పా!" అని పేరు పెట్టి పిలిచినాను. తిట్టడానికైనా బయటికొస్తాడనుకున్నా. రాలేదు.

నేనే పోదామని మెట్ల దగ్గరికొచ్చి, చెప్పులు విడవబోతూ కిందికి చూసినాను.

ఆయన చెప్పులు కూడా తడిసి ఉండాయి.

నావి ఇంకా కాళ్లకే ఉండాయి.