ముందు మోగే గంట

నా భార్య ఓర్నెల్లా పోయిన రోజున గోడకు ఆనించిన సైకిల్‌ను నేను మళ్లీ ముట్టలేదు. సెలవు ముగిసిన ఉదయం పొరుగింటి నీవెస్ వచ్చింది. నేను పాఠాలు చెప్పే బడిలోనే తనూ లెక్కలు చెబుతుంది.

"బయల్దేరవయ్యా కొర్రాదో."

"టైర్లలో గాలి లేదు."

"నిన్ననే కొట్టాను."

"మోకాలు నొప్పి."

"మన ఫెర్రారా ఊళ్లో ఎనభై ఏళ్ల అమ్మమ్మలు తొక్కుతున్నారు. నీ మోకాలు వాళ్లకంటే ముసలిదా?"

"పొగమంచు చూడు. వీధి చివర కనబడటం లేదు."

"ఇక్కడే పుట్టి పొగమంచుకు భయమా? ముందువాళ్లు గంట కొడుతుంటే వెనకవాళ్లు ఆ చప్పుడు వెంట పోవడమేగా. నేను ముందుంటాను, పద."

నేను సైకిల్ తీసి వీధిలోకి నడిపించాను. "ఇన్నేళ్లూ నా ముందు ఓర్నెల్లా గంట కొట్టేది," అన్నాను. "రెండుసార్లు కొట్టి, కాస్త ఆగి ఇంకోసారి."

"అంతేనా? నేనూ అలాగే కొడతాను."

ఆమె పొగమంచులోకి వెళ్లిపోయింది. కాసేపటికి గంట వినబడింది. రెండుసార్లు, కాస్త ఆగి ఇంకోసారి.

"వద్దు నీవెస్," అన్నాను గొంతు పెంచి. "అక్కడున్నది తనేననిపిస్తోంది."

గంట ఆగింది. నీవెస్ సైకిల్ నడిపించుకుంటూ వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. ఈసారి ఆమె నన్ను బయల్దేరమనలేదు.

బడిలో పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. నేనింకా పెడల్ మీద కాలు పెట్టలేదు.