అమ్మోరి పానకం

“ఆగమ్మా! ఎవులింటినుంచి వస్తన్నావు? మీ గుమ్మానికి ఏపమండలు కట్టినారా?”

చేతికర్ర గేటుకి అడ్డం పెట్టి ముసలమ్మ అడిగింది.

పక్కింటి యమున బిత్తరపోయింది. చంకలో మూడేళ్ల కూతురు, చేతిలో పానకం చెంబు.

కిటికీలోంచి చూస్తున్న శైలజకి తల కొట్టేసినట్టయింది.

ఎవరీ ముసల్ది? రాజాంలో ఇన్ని ఇళ్లుండగా ఈ ఇంటికే దాపురించింది. పది రోజులుగా ఎదురింటి అరుగు మీదే మకాం. వచ్చినవాళ్లనల్లా జ్వరముందా, దగ్గుందా అని ఆరా. పాలవాణ్ణీ వదల్లేదు.

శైలజ కొడుకు చరణ్‌కి ఆరేళ్లు. రక్తపు కేన్సరుకి వైద్యం జరుగుతోంది. విశాఖ ఆసుపత్రిలో మూడు నెలలుండి ఈమధ్యే ఇంటికొచ్చారు. చిన్నప్పుడు వేయించిన టీకాల బలం ఒంట్లో నిలవలేదని, ఇప్పుడు మళ్లీ వేయడానికీ వీల్లేదని డాక్టరు చెప్పాడు. జ్వరమున్నవాళ్లని గడప తొక్కనివ్వొద్దన్నాడు.

శైలజ తొక్కనివ్వలేదు. సొంత ఆడపడుచునే వాకిట్లోంచి పంపేసింది.

కానీ ఇది జ్వరం కాదు కదా. అమ్మవారు!

యమున కూతురికి ఒళ్లంతా అమ్మవారు పోసింది. మూడోనాడు వేపాకు నీళ్లు పోసి, ఇంటింటికీ పానకం పంచుతున్నారు. తల్లి వాకిట్లోకొస్తే తలుపేసుకున్న పాపం ఎవరు మోస్తారు? పైగా బిడ్డ ప్రాణం ఆ తల్లి చేతిలోనే ఉందాయె.

శైలజ బయటికొచ్చి ముసలమ్మని కసిరింది.

“ఏటి నీ గోల, పానకంలో పుడకలాగ? అమ్మోరి పెసాదం ఆపడానికి నువ్వెవులివి?”

“నన్ను తిట్టు తల్లీ, కొట్టు తల్లీ. ఆ పిల్ల లోనికి ఎల్లకూడదు. గేటు మాత్రం తియ్యకు.”

“పో ఇక్కణ్ణుంచి!”

శైలజ ఆ కర్ర లాగి వీధిలోకి గిరాటేసింది. గేటు తీసింది.

ముసలమ్మ ఏడుస్తూ కర్ర ఏరుకుని వెళ్లిపోయింది. పీడ విరగడైందనుకుంది శైలజ.

చరణూ యమున కూతురూ ఒకే మంచం మీద కూర్చుని పానకం తాగారు.

మూడు రోజుల తర్వాత ఆసుపత్రిలో నెలవారీ పరీక్ష.

“చుట్టుపక్కల ఎవరికైనా తట్టు వచ్చిందా?” నర్సు శ్రీలలిత అడిగింది.

“నేదు మేడమ్. పక్కింటి పాపకి అమ్మోరు పోసినాదంతే.”

నర్సు రాస్తున్నది ఆపేసింది.

“రెండూ ఒకటేనమ్మా! ఆ పాప మీ ఇంటికి వచ్చిందా? ఎప్పుడు?”

శైలజ తలూపింది. మూడు వేళ్లు చూపించింది.

“ఆరు రోజుల్లోపే కాబట్టి ఇంజక్షన్ ఇవ్వచ్చు. డాక్టరుగారిని పిలుస్తాను. కానీ గ్యారంటీ ఇవ్వలేం. అసలు మిమ్మల్ని ఎవరూ ఆపలేదా?”

“ఓ ముసలమ్మ ఆపినాది. నేనే తరిమేసినాను. ముంజేతి మీద తేలు పచ్చబొట్టు...”

వెళ్లబోతున్న శ్రీలలిత నిలబడిపోయింది.

“అసిరమ్మ! గజపతినగరం మనిషి. మీకు ముందు వార్డులో మీ అబ్బాయి మంచం మీద ఆవిడ మనవడుండేవాడు. వాడికీ టీకా నిలవలేదు. తట్టు సోకి పోయాడు. తర్వాత కూడా ఆవిడ మా వార్డు వెనక మెట్ల మీదే కూర్చునేది. మీ ఇల్లెక్కడని అడిగితే నేను చెప్పలేదు. ఎలా కనుక్కుందో!”

శైలజ భోరుమంది.

“ఆయమ్మ ఇల్లు సెప్పండి మేడమ్. ఎళ్లి కాళ్ల మీద పడతాను.”

“మనవడు పోయాక ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదమ్మా. వాడికి తట్టు సోకిన రోజు అమ్మవారి పానకం తెచ్చినవాళ్లకి గేటు తీసింది ఆవిడే.”