చౌడు నీళ్ళు

"లేరా డ్యూక్! లేవరా!"

జోథమ్ ప్రూయిట్ గొంతు బొంగురుపోయింది. ఎద్దు మాత్రం లేవలేదు.

డ్యూక్ దారి మధ్యలో మోకాళ్ళ మీద కూలి గంటయింది. దాని జత ఎద్దు స్టార్ నిలబడే ఉంది కానీ కాళ్ళు వణుకుతున్నాయి.

గుంపులో వెనకబడిన బండి వాళ్ళదొక్కటే. ముందు వెళ్ళిన ఇరవై గుడారపు బండ్ల దుమ్ము పడమటి కొండల కింద సన్నగా కనిపిస్తోంది. చేరాల్సిన ఒరెగాన్ ఇంకా ఆరు వందల మైళ్ళు.

"మధ్యాహ్నం ఎక్కడైనా నీళ్ళు తాగాయా?" జోథమ్ భార్యని అడిగాడు. అడగడం ఇది మూడోసారి.

"లేదన్నానుగా," అంది కెజియా. "నా కళ్ళ ముందే గడ్డి మేశాయి."

అబద్ధం.

మధ్యాహ్నం జోథమ్ చక్రం బిగిస్తుంటే ఎడ్ల కాపలా ఆమెది. బండి నీడలో ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. నాలుగు నెలలుగా నడుస్తున్న కాళ్ళు, ఊరుకుంటాయా? మెలకువ వచ్చేసరికి, దారిలో తమ బండితో కలిసిన కుంటాయన దూరంగా వెళ్ళిపోయిన ఎడ్లని వెనక్కి తోలుకొస్తున్నాడు. వాటి మూతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

కాపలాలో కునుకు తీస్తే ఆ బండిని గుంపులోంచి తీసేస్తారు. కెప్టెన్ హాస్కెల్ పెట్టిన కట్టుబాటు అది. ఈ ఎడారిలో ఒంటరి బండి అంటే పిల్లలతో కలిపి తమ నలుగురికీ గోతులు తవ్వుకోవడమే.

"కెజియా! మాంసం ఏదే?"

జోథమ్ బండి వెనక నుంచి అరిచాడు.

"ఏ మాంసం?"

"ఉప్పేసిన పందిమాంసం! సగం లేదు!"

ఇద్దరి చూపులూ ఒక్కసారే కుంటాయన మీద పడ్డాయి. ఆయన స్టార్ మెడ నిమురుతూ నిలబడ్డాడు. గళ్ళ చొక్కా మడిచిన మోచేతుల దాకా జిడ్డు.

నాలుగు రోజుల కిందట నది రేవులో తగిలాడు. చేతికర్ర తప్ప ఇంకేమీ లేదు. బండి తోస్తాను, ఓ ముద్ద పెట్టండి అన్నాడు. పేరు ఎవరూ అడగలేదు. 'కుంటాయన' సరిపోయింది.

"ఒరేయ్, నా పిల్లల నోటికాడ కూడురా అది! ఏం చేశావ్?"

"తినాల్సినవాళ్ళే తిన్నారయ్యా."

"ఎగతాళి చేస్తున్నావా?"

ఆయన కెజియా వైపు చూశాడు. కోపంగా కాదు. ముందు నువ్వు చెప్పు తల్లీ, మిగతాది నేను చెప్తాను అన్నట్టు.

కెజియా కూతురి జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

"దొంగ వెధవా, నడువ్!"

"పోతానయ్యా. కాసిని నీళ్ళు..."

"దాహమా? వెయ్యదూ మరి! అంత ఉప్పు తిన్నాక!"

కెజియా చెయ్యి నీళ్ళ తిత్తి దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆయన కర్ర ఊతతో పడమటికి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి డ్యూక్ నిలబడి గడ్డి కొరుకుతోంది.

వెతుక్కుంటూ గుర్రం మీద వచ్చిన కెప్టెన్ హాస్కెల్ దాని నోరు తెరిచి వాసన చూశాడు.

"పందికొవ్వు! ఎవరయ్యా ఈ వైద్యం చేసింది?"

"వైద్యమా?"

"చౌడు నీళ్ళు తాగిన ఎద్దుకి అదొక్కటే మందు. చెయ్యి గొంతుదాకా పెట్టి తొయ్యాలి. మా అన్నకి అలాగే ఎద్దు నమిలి రెండు వేళ్ళు పోయాయి."

జోథమ్ గొణిగాడు. "వాడే ఆ నీళ్ళకి తోలుకెళ్ళి ఉంటాడు."

"విషం తాగించి, మందూ మింగించాడా? భలే దొంగ."

బండి కదిలింది. ముందు ఆగి ఉన్న గుంపులో కలిసి మళ్ళీ సాగింది.

రెండు మైళ్ళ దూరంలో ఒక నీటి గుంట. అంచంతా తెల్లగా ఉప్పు పేరుకుంది. ఒడ్డున ఓ ఎండుపుల్ల పాతి ఉంది. దానికి గళ్ళ చొక్కా పేలిక.

ఆ చొక్కా ఎవరిదో కెజియాకి తెలుసు.

మరో గుంట. మరో పేలిక. మూడు రోజుల్లో అయిదు గుంటలు, అయిదు పేలికలు. పేలిక కనబడగానే పక్కకి మళ్ళించడంతో ఒక్క ఎద్దు కూడా వాటిలో మూతి పెట్టలేదు.

ఆరో గుంట దగ్గర పాతింది పుల్ల కాదు. చేతికర్ర. దానికి చొక్కా కాలరు.

పది అడుగుల అవతల ఆయన బోర్లా పడి ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. పెదాలు బీటలు వారి ఉన్నాయి.

గొయ్యి పూడ్చాక హాస్కెల్ సమాధి మీద పాతే చెక్కపలక మీద రాయడానికి ఇనుప చువ్వ కాల్చాడు.

"పేరేంటి?"

ఎవరికీ తెలియదు.

"ఏదో ఒకటి రాయాలి కదయ్యా."

జోథమ్ టోపీ చేతిలో నలుపుతూ అన్నాడు. "ఉన్నదున్నట్టు రాయండి. ఎడ్లని చౌడు నీళ్ళకి వదిలాడు, తనే బతికించాడు అని."

హాస్కెల్ చువ్వ పలకకి ఆనించాడు. పొగ లేచింది.

"ఆగండి," అంది కెజియా. "మొదటి తప్పు ఆయనది కాదు."

"మరెవరిది?"

ఆమె భర్త వైపు చూడలేదు. పాతిపెట్టిన మట్టి వైపే చూస్తూ, గుంపంతా వినేలా చెప్పింది.

"కెజియా ప్రూయిట్‌ది."