నాలుగో మూల

నాగలికి బిందె అంచు తగిలిందని శేషన్న ఎద్దులను అక్కడే విప్పేశాడు.

అందులో ఏముందో అతని పెళ్లాం ఈరక్కకు తెలుసు. ఫ్యాక్షన్ రోజుల్లో ఆమె మామ ఆ చేనులో నాటుబాంబులు పాతాడు. ఎక్కడెక్కడ పాతిందీ చెప్పకుండానే పోయాడు.

కబురందగానే కర్నూలు నుంచి బాంబులు తీసే జట్టు వచ్చింది. దాని ఆఫీసరు నలభై దాటినవాడు, పెద్దగా మాట్లాడడు.

అందరినీ రోడ్డు దాకా పంపేసి, పొడుగు కర్ర లాంటి యంత్రాన్ని నేల మీద తిప్పుతూ సాలు వెంట సాలు నడిచాడు. అది కూసిన చోట జెండా గుచ్చాడు. తర్వాత ఒక చిన్న బండిని దూరం నుంచే నడిపించాడు. దాని ఇనుప చెయ్యి మట్టి తోసి, బిందెను పదిలంగా ఎత్తి మందపాటి డ్రమ్ములో దించింది.

మధ్యాహ్నానికి మూడు మూలలు అయ్యాయి. వాన పడి రెండు రోజులు. పదును ఆరితే శనక్కాయ విత్తనం మొలవదు. ఈరక్క ఉండబట్టలేక రోడ్డు మీద నుంచి గట్టు దాకా వచ్చింది.

“బిందె దొరికె గదా సారూ. ఆ మూల కూలోళ్లు దినామూ సద్ది తినే చోటు. ఆడేముంటాది?”

“అందుకే సూడల్ల గదమ్మా.”

నాలుగో మూలలో యంత్రం కూసింది. జానెడు లోతున గిన్నెలో ఇంకో నాలుగు బాంబులున్నాయి. ఈరక్క గబగబా రోడ్డు మీదికి వెళ్లిపోయింది.

అన్నిటినీ పాడుబడ్డ గనికి తీసుకుపోయి పేల్చేశారు. ఈరక్క రొట్టెలు కాల్చి, పుంటికూర పప్పు చేసి భోజనానికి పిలిచింది. ఆఫీసరు గట్టు మీదే నిలబడి చెంబెడు నీళ్లు తాగి, వస్తానమ్మా అని జీపెక్కాడు.

అంత పెద్ద సారు మన ఇంట్లో ఎందుకు తింటాడులే అని ఆమె మొగుడి దగ్గర నిష్ఠూరమాడింది.

మర్నాడే విత్తారు. పది రోజులకు చేనంతా పచ్చగా మొలిచింది. ఈరక్క ఇన్నేళ్లకు బెదురు లేకుండా నాలుగు మూలలూ తిరిగింది.

సంతకాల కోసం కానిస్టేబుల్ నారాయణ వచ్చాడు. ఈసారి సారును పిల్చుకోని రా నాయనా, తినకుండా పోనియ్యను అందామె.

“ఆయప్పకు బదిలీ అయిందిలేక్కా. ఎవురనుకుంటివి ఆయప్పను?”

ఈ చేనికి నేనే పోతానని అడిగి మరీ వచ్చిన ఆ ఆఫీసరు బసవరాజ్, ముప్పై ఏళ్ల కింద ఆమె మామ విసిరిన బాంబుకు ఈ ఊళ్లోనే ప్రాణం పోగొట్టుకున్న పెద్ద ఈరన్న కొడుకు.