మూడో పాఠం

మౌస్‌ను బల్లకేసి కొట్టబోయి సుశీల టీచర్ ఆగిపోయింది. అది నెట్ సెంటరు నడిపే ఫైజ్‌ది, తనది కాదు.

సకల జనుల సమ్మె రోజులవి. సిద్దిపేటలో బడులు బందు, బస్సులు బందు, ఆఫీసులు బందు. టీచర్లంతా పొద్దున శిబిరంలో కూర్చుని తెలంగాణ పాటలు పాడుతున్నారు. సుశీల కూడా గొంతు కలుపుతోంది. మధ్యాహ్నం కాగానే ఎవరికీ చెప్పకుండా నెట్ సెంటరుకు వస్తోంది.

చెబితే నవ్వుతారని భయం.

వాళ్ల బడికి దాతలెవరో కంప్యూటర్లు పంపారు. టీచర్ల కోసం నెట్‌లో ఒక కోర్సు ఉందని, కనీసం ఒక్కరైనా అది పూర్తి చేస్తేనే అట్టపెట్టెలు విప్పాలని షరతు పెట్టారు. సమ్మె ముగిసేలోగా ఎవరూ చేయకపోతే పెట్టెలు మిరుదొడ్డి బడికి వెళ్లిపోతాయి. ఎవరు చేస్తారని హెడ్మాస్టరు అడిగితే అందరూ నేల చూపులు చూశారు. సాంఘికశాస్త్రం చెప్పే సుశీలే నోరు జారి, తాను చేస్తానంది.

ఎవరి వీలును బట్టి వాళ్లు నేర్చుకోవచ్చు, తొందరేమీ లేదు అని కోర్సు మొదట్లోనే రాసి ఉంది. ఆ మాట ప్రకారమే ఆమె వారం రోజులుగా మూడో పాఠం దగ్గర ఏ తొందరా లేకుండా కూర్చుంది.

'హైపర్‌లింకును పేజీలో చొప్పించండి' అంటుంది తెర. ఏది చొప్పించాలో, ఎక్కడ చొప్పించాలో చెప్పదు.

ఇక తన వల్ల కాదు, పెట్టెలు మిరుదొడ్డికే పోనీ అనుకుని ఆమె లేవబోయింది. అప్పుడు పక్క కంప్యూటరు ముందున్న పెద్దాయన ఆమె వైపు వంగాడు. మాసిన తెల్ల చొక్కా, మెడలో తువ్వాల. రెండు రోజులుగా చూస్తున్నా ఆమె పలకరించలేదు.

"మేడం, గీ లింకు అంటే ఏంది? నాకైతే తెలుస్తలేదు."

చూస్తే ఆయన ముందూ అదే కోర్సు, అదే మూడో పాఠం.

సుశీలకు ప్రాణం లేచొచ్చింది. తనకంటే మొద్దు మరొకరున్నారు. పైగా అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బు టీచర్లందరికీ ఉన్నదే. తనకూ తెలియదని చెప్పడానికి నోరు రాక మళ్లీ కూర్చుంది.

"చూడు కాకా. బస్సు మీద చేర్యాల అని బోర్డు ఉంటది. ఎక్కినవనుకో, చేర్యాలల దించుతది. లింకు గంతే. పేరు మీద ఒత్తితే ఆ జాగకు తీస్కపోతది."

"బస్సులు బందున్నయి గద మేడం."

"అందుకే నీ లింకు పోతలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగేసరికి సుశీలకే తట్టింది. బోర్డు అంటే పైకి కనిపించే పేరు, చేర్యాల అంటే వెళ్లాల్సిన అడ్రసు. తాను ఇన్నాళ్లూ బోర్డు కట్టి బస్సును వదిలేస్తోంది, ఎక్కడికి పోవాలో చెప్పడం లేదు. రెండూ ఇచ్చి ఒత్తింది. పేజీ తెరుచుకుంది.

ఆ రోజు నుంచి పెద్దాయన ఆమెను వదల్లేదు. తన మూడో పాఠం దాటకుండానే, ఆమె చదివే ప్రతి పాఠంలోనూ ఏదో ఒకటి తెలియడం లేదంటాడు. ఆయనకు చెప్పాలి కాబట్టి సుశీల ముందే వచ్చి చదువుకునేది. చెప్పింది మరిచిపోతే ఏడో తరగతి పిల్లాణ్ని కసిరినట్టు కసిరేది. స్కేలు లేదు గనక పెన్నుతో బల్ల మీద కొట్టేది. ఆయన మొహం చిన్నబుచ్చుకోకుండా మళ్లీ తప్పే చేసేవాడు.

ఒకరోజు ఆమెకు ఒళ్లు మండింది.

"ఈ పాఠాలు రాసినోడు ఎన్నడన్న బడి మొఖం చూసిండా కాకా? చొప్పించుడేంది, పెట్టుమంటే నోరు నొస్తదా?"

నిజమేనని పెద్దాయన తలూపాడు.

మర్నాడు ఎందుకో వెనక్కి వెళ్లి చూస్తే ఆ పాఠంలో 'పెట్టండి' అనే ఉంది. కరెంటు కోతల గాబరాలో తానే సరిగా చదవలేదేమో అనుకుంది సుశీల.

టీచర్ల సమ్మె నేడో రేపో ఆగుతుందని శిబిరంలో మాట్లాడుకుంటున్న రోజే ఆమె చివరి పరీక్షకు కూర్చుంది. కరెంటు పోతుందేమోనని ఒక కన్ను ఫ్యాను మీదే ఉంది. ఫ్యాను ఆగేలోపే తెర మీద 'అభినందనలు' అని వచ్చింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. పాపం, తాను నేర్చుకోలేకపోయినందుకు బాధేమో అనుకుని సుశీల మెత్తబడింది.

"నువ్వు ఇంకా మూడో పాఠం కాడనే ఉన్నవు కాకా."

"మీరు పాసైన్రు, గది చాలు మేడం."

బడి తెరిచారు. పెట్టెలు విప్పారు. సుశీల చేర్యాల బస్సు కథతోనే మొదలుపెట్టింది. పిల్లలు నవ్వారు, ఆమెను చూసి కాదు, బస్సును తలచుకుని. ఇన్నేళ్ల సర్వీసులో అంత సంతోషం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

ఆ సంతోషంలో పెద్దాయన గుర్తొచ్చాడు. ఒక్కడే ఎప్పటికి నేర్చుకుంటాడు? బడికి తీసుకొచ్చి పిల్లల పక్కన కూర్చోబెడితే నాలుగు ముక్కలు వస్తాయి. శనివారం బడి కాగానే నెట్ సెంటరుకు వెళ్లి, కాక ఏడీ అని అడిగింది.

"భూమయ్య సారా? పట్నం పోయిండు మేడం. ఆ కోర్సు రాసిందే ఆయన," అన్నాడు ఫైజ్.

సుశీలకు తాను కసరడం, పెన్నుతో బల్ల మీద కొట్టడం వరుసగా కళ్ల ముందు తిరిగి, సిగ్గుతో మొహం ఎర్రబడింది. సారని ఒక్క మాట ముందే చెబితే తాను అట్లా మాట్లాడేదా అని ఫైజ్ మీదే విసుక్కుంది.

"గందుకే చెప్పలేదు మేడం. మస్తుమంది టీచర్లు మూడో పాఠం కాడనే ఇడిసిపెట్టిన్రట. ఏడ సమజైతలేదని బడి బడి తిరిగి అడిగితే, అందరు 'అర్థమైంది సార్' అన్నోళ్లేనట" అని నవ్వాడు ఫైజ్. "ఇగ గట్ల కాదని, ఆయనే అర్థం కానోడై వచ్చి మీ పక్కన కూసున్నడు."